కింది బాస్కెట్ పైకి లేస్తే నడుం బతుకుతుందా?

పోయిన నెల ఇదే పేజీలో డిష్‌వాషర్‌లో ఉప్పు ఎందుకు పోయాలో రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే సగానికి సగం ఉప్పు సంగతి కాదు, నడుం సంగతి. కింది బాస్కెట్‌కి వంగలేక చస్తున్నాం మొర్రో అని. అందుకని ఈ నెల పేజీ మొత్తం ఆ కింది బాస్కెట్‌కే రాసిచ్చేశాను, ఫ్రిజ్ గ్యాస్ గురించి అడిగినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. నడుం కింది ఎముకల్లో, ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జరిగింది. పనిమనిషి మానేశాక డిష్‌వాషర్ కొన్నాం, గిన్నెలు బాగానే కడుగుతుంది గానీ కింది బాస్కెట్‌లో పెట్టి తీసేసరికి ప్రాణం పోతోంది. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు, వాళ్ళింట్లో మెషిన్‌కి కింది బాస్కెట్ బయటికి లాగి హ్యాండిల్ ఎత్తితే మొత్తం పైకి వచ్చేస్తుంది, నేను వెళ్ళినప్పుడు చూశాను. ఇంకా బటన్ నొక్కితే మోటర్‌తో లేచేదైతే నీకు ఇంకా సుఖం, చూసి పంపిస్తానంటున్నాడు. నీళ్ళల్లో మోటర్ అంటే నాకు భయం. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీ భయం తీర్చేస్తాను. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న మెషిన్‌లోనే నీళ్ళ పక్కన మోటర్లు కాపురం చేస్తున్నాయి, నీళ్ళని పైకి చిమ్మేదొకటి, మురికినీళ్ళు బయటికి తోసేదొకటి. రెండూ టబ్బు కింద, తడి తగలని అరలో ఉంటాయి, ఇరుసు ఉన్నచోట మాత్రం నీళ్ళు కారకుండా సీల్ ఉంటుంది. బాస్కెట్ లేపే మోటర్‌కి పెద్ద బలం కూడా అక్కర్లేదు, కారు కిటికీ అద్దం లేపే మోటర్ 12 వోల్టులది, అలాంటిదే చాలు. కాబట్టి షాక్ గురించి భయపడకండి. నేను భయపడేది చిల్లు గురించి. మోటర్ బయట పెట్టి బాస్కెట్ లోపల ఉంచాలంటే టబ్బుకి ఎక్కడో ఒకచోట కొత్తగా బెజ్జం వెయ్యాలి, దానికి రబ్బరు సీల్ పెట్టాలి, ఆ సీల్ రోజూ 65-70 డిగ్రీల వేడినీళ్ళు, ఘాటైన డిటర్జెంటు, పైగా మన పప్పు చారు జిడ్డు అన్నీ తట్టుకోవాలి. నేను మెషిన్ల రిపేరు సర్వీసులో ఉన్న రోజుల్లో మాలో మేం అనుకునేవాళ్ళం, టబ్బుకి ఎన్ని చిల్లులో మనకి అన్ని ఫోన్లు అని.

ఇక మీ అబ్బాయి ఇంట్లో మీరు చూసింది. మీరు చెప్పినదాన్నిబట్టి అది ఎలక్ట్రోలక్స్ వాళ్ళ పద్ధతి, జర్మనీలో ఏఈజీ పేరుతో వస్తుంది, కంఫర్ట్‌లిఫ్ట్ అంటారు. అందులో మోటర్ లేదమ్మా! అంతా స్ప్రింగుల మహిమ. బాస్కెట్‌ని పూర్తిగా తెరిచిన తలుపు మీదికి లాగి హ్యాండిల్ పట్టి ఎత్తితే కింద ఉన్న చేతుల్లాంటి కడ్డీలు తిరిగి బాస్కెట్‌ని తలకిందులు కాకుండా అలాగే సమంగా పైకి తెస్తాయి, పై బాస్కెట్ ఎత్తు దగ్గరికి వచ్చి ఆగుతుంది, దింపేటప్పుడు హ్యాండిల్లో ఉన్న లీవర్ నొక్కి మెల్లగా కిందికి వదలాలి. బావుంది, నాకు నచ్చిన డిజైన్. దానికి ఒకటే చిక్కు, స్ప్రింగ్‌కి ఒక లెక్కంటూ ఉంటుంది, బాస్కెట్ ఖాళీగా ఉంటే అదే గెంతినట్టు లేస్తుంది, కుక్కరూ బాణలీ ఇడ్లీ పాత్రా అన్నీ కుక్కితే మిగతా బరువు మన చెయ్యే మొయ్యాలి. మోటర్‌కి ఆ గొడవ లేదు, ఖాళీ అయినా నిండుగా ఉన్నా ఒకటే నడక. అందుకే నడుంతోపాటు చేతులు కూడా పట్టు తప్పినవాళ్ళకి, వేళ్ళ కీళ్ళు వాచినవాళ్ళకి, వీల్‌చెయిర్‌లో కూర్చుని పని చేసుకునేవాళ్ళకి మోటర్ నిజంగా ఉపకారం. మీకు చేతులు బాగానే ఉన్నాయంటే మోటర్ కోసం వెంపర్లాడక్కర్లేదు అంటాను.

జర్మనీ నుంచి తెప్పించుకోవడం అంటారా, కరెంటు వరకు ఇబ్బంది లేదు, అక్కడా 230 వోల్టులు 50 హెర్ట్జే, ప్లగ్గు మారిస్తే తిరుగుతుంది. కానీ ఆ లేచే కడ్డీల్లో ఒక్క ప్లాస్టిక్ ముక్క విరిగినా ఇక్కడ ఎవరిస్తారు? వారంటీ అక్కడే ఉండిపోతుంది. 50 కిలోల సామాను ఓడ మీద వచ్చి, కస్టమ్స్ కట్టి, చివరికి విజయవాడలో ఓ చిన్న క్లిప్పు కోసం ఆగిపోవడం, వద్దమ్మా.

మరి ఏం చెయ్యాలి? మెషిన్‌నే ఎత్తు మీద పెట్టేయండి. ఇది చాలామందికి తట్టదు, ఎందుకంటే షోరూమువాడు నేల మీద పెట్టి చూపిస్తాడు, మనమూ నేల మీదే పెడతాం. ఇప్పుడు తలుపు తెరిస్తే అది నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది, కింది బాస్కెట్ దాని మీదికి వస్తుంది, అంటే మీరు అక్కడి నుంచి ఒక్కో గిన్నె తీసి 85 సెంటీమీటర్ల ఎత్తున్న వంటగట్టు మీద పెడుతున్నారు, ఒక్క ట్రిప్పుకి ఎన్నిసార్లు వంగుతున్నారో లెక్కేసుకోండి. అదే మెషిన్ కింద ఓ 35 సెంటీమీటర్ల దిమ్మ కట్టిస్తే కింది బాస్కెట్ మోకాలు దాటి వస్తుంది, పై బాస్కెట్ వంటగట్టు ఎత్తుకి వస్తుంది. మోటరూ వద్దు స్ప్రింగూ వద్దు, పాడవడానికి అందులో ఏముంది గనక! మా అత్తగారికి మూడేళ్ళ కింద ఇదే చేశాను, ఇటుకలు పేర్చి పైన ఓ గ్రానైట్ ముక్క, మెషిన్ వెనకాల గోడకి యాంగిల్ క్లాంప్. ఆవిడ ఐదడుగులు కూడా ఉండరు, అందుకని ముందు ఆవిడ్ని నిలబెట్టి మోచెయ్యి దాకా టేపు పట్టి, పై బాస్కెట్ మోచేతికన్నా పైకి పోకుండా చూసి కట్టించాను. మొదట్లో "ఏంటయ్యా దేవుడి గూడులా ఎత్తుమీద పెట్టావు" అన్నారు, ఇప్పుడు ఎవరొచ్చినా చూపిస్తున్నారు.

కాకపోతే మీరు గమనించాల్సినవి ఉన్నాయి. మెషిన్ ఎత్తు 82 నుంచి 85 సెంటీమీటర్లు, దానికి 35 కలిపితే 120 దగ్గరికి పోతుంది, కాబట్టి ప్లాట్‌ఫామ్ కింద పట్టదు, ఫ్రిజ్ పక్కనో గట్టు చివర్నో చోటు చూసుకోవాలి. నీళ్ళ పైపూ డ్రెయిన్ పైపూ అక్కడిదాకా చాలాలి, చాలకపోతే కంపెనీ వాళ్ళు ఇచ్చే పొడిగింపు పైపే వెయ్యండి, ప్లంబర్ చేతికొచ్చిన ముక్క అతికించనివ్వకండి. గిన్నెలతో సహా 65-70 కిలోలు ఉంటుంది కాబట్టి నాలుగు కాళ్ళూ పూర్తిగా దిమ్మ మీదే ఆనాలి, కాలు అంచు మీద ఉండకూడదు.

అదీ కుదరదు, అద్దె ఇల్లు అంటే, గిన్నెలు తీసేటప్పుడు మోకాలెత్తు స్టూలు పక్కన వేసుకుని కూర్చుని తీయండి. పీట వద్దు, పీట మీంచి లేవడమే మీ నడుముకి పెద్ద పని. ఇంకో మాట, ముందు కింది బాస్కెట్ ఖాళీ చేసి తర్వాతే పైది లాగండి, పైన బోర్లించిన గ్లాసుల అడుగున నిలిచిన నీళ్ళు కింది పొడి గిన్నెల మీద పడితే మళ్ళీ తుడవాలి, అంటే మళ్ళీ వంగాలి. బరువైన కుక్కర్‌ని ముందు వరసలో పెట్టండి, వెనకాల పెట్టి చెయ్యి చాపి లాగడం డిస్క్ ఉన్నవాళ్ళు అసలు చెయ్యకూడని పని. ఎంత బరువు ఎత్తచ్చో మాత్రం మీ ఫిజియోని అడగాల్సిందే, నన్ను కాదు.

ప్రశ్న: షోరూములో సేల్స్ అబ్బాయి "ఇందులో బాస్కెట్ పైకి లేస్తుంది సార్, మూడు హైట్లు" అని చెప్పి నాలుగు వేలు ఎక్కువున్న మోడల్ ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే కింది బాస్కెట్ కదలట్లేదు. మోసమా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: మోసం అనలేం సార్, సగం నిజం. లేచేది పై బాస్కెట్. దాని రెండు పక్కలా చిన్న లీవర్లు ఉంటాయి చూడండి, నొక్కి పైకి లాగితే రెండు మూడు మెట్లు ఎక్కుతుంది, మొత్తం మీద ఓ ఐదు సెంటీమీటర్లు. అది మీ నడుము కోసం పెట్టింది కాదు, కింద పొడుగాటి గిన్నె పట్టడం కోసం పెట్టింది. మనకి అది పనికొచ్చేదే, పై బాస్కెట్ ఎత్తితేనే కింద ఐదు లీటర్ల కుక్కర్ నిలువుగా పడుతుంది. ఒక్కటి చూసుకోండి, రెండు పక్కలా ఒకే మెట్టు మీద ఉండాలి, ఒక పక్క పైన ఒక పక్క కింద ఉంటే నీళ్ళు చిమ్ముతూ తిరిగే పై నీటి రెక్క గిన్నెకి తగిలి ఆగిపోతుంది, అప్పుడు "మెషిన్ సరిగ్గా కడగట్లేదు" అని మాకు ఫోన్ వస్తుంది, మేం వచ్చి ఒక్క క్లిక్కు నొక్కి విజిటింగ్ ఛార్జీ తీసుకుని పోతాం.

ప్రశ్న: మేం పాలిటెక్నిక్ మెకానికల్ ఫైనల్ ఇయర్, నలుగురం. డిష్‌వాషర్ కింది బాస్కెట్‌ని మోటర్‌తో పైకి లేపే మెకానిజం ప్రాజెక్టుగా చేద్దామనుకుంటున్నాం. పాత మెషిన్ ఒకటి దొరికింది. ఏ మెకానిజం పెట్టాలి? ఎంత మోటర్ కావాలి? మా సార్ సిజర్ లిఫ్ట్ (కత్తెర కాళ్ళలా ముడుచుకుని లేచేది) పెట్టమంటున్నారు.
– నలుగురు విద్యార్థులు, కరీంనగర్

జవాబు: తమ్ముళ్ళూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే, అందుకే కాస్త ఎక్కువ చెప్తా.

ముందు బలం లెక్క. బాస్కెట్, గిన్నెలు కలిపి 15 కిలోలు అనుకోండి, 25 సెంటీమీటర్లు లేపాలి. 15 ఇంటూ 9.8 ఇంటూ 0.25, దగ్గర దగ్గర 37 జౌళ్ళ శక్తి. పది సెకన్లలో లేపితే నాలుగు వాట్లు కూడా లేదు! కాబట్టి లెక్క చూసి చిన్న బొమ్మ మోటర్ కొనేస్తారేమో, ఆగండి. స్క్రూలో, గేర్లలో, రాపిడిలో చాలా బలం తినేస్తుంది, పైగా మీ సార్ చెప్పిన సిజర్ ఉంది చూశారూ, అది పూర్తిగా ముడుచుకుని ఉన్నప్పుడే అన్నిటికన్నా ఎక్కువ బలం అడుగుతుంది. కత్తెర కాళ్ళు పడుకుని ఉన్నప్పుడు మీరు అడ్డంగా ఎంత తోసినా నిలువుగా వచ్చేది కొంచెమే, లేచేకొద్దీ సులువవుతుంది. డిష్‌వాషర్‌లో బాస్కెట్ కింద చోటు వేళ్ళ మందం మాత్రమే, సిజర్ దాదాపు బల్లపరుపుగా ముడుచుకోవాలి, అంటే మొదలుపెట్టేటప్పుడే మోటర్ మూలుగుతుంది. సార్‌కి కోపం రాకుండా చెప్పండి, కార్లు ఎత్తే చోట సిజర్ బావుంటుంది గానీ ఇక్కడ పక్కల నుంచి తిరిగే సమాంతర కడ్డీలే మేలు. రెండు పక్కలా రెండేసి కడ్డీలు, పొడవులు సమానంగా ఉంటే బాస్కెట్ వంగకుండా లేస్తుంది, ఊయల బల్లలా అన్నమాట.

మోటర్‌కి కొత్తది కొనకండి, స్క్రాప్ షాపుకి వెళ్ళి కారు వైపర్ మోటర్ అడగండి. 12 వోల్టులది, లోపల వార్మ్ గేర్ (మర తిరిగి పళ్ళ చక్రాన్ని తిప్పేది) ఉంటుంది, మెల్లగా తిరుగుతుంది, బలం బాగా ఉంటుంది. వార్మ్ గేర్ ఎందుకు అంటున్నానంటే, మోటర్ గేర్‌ని తిప్పగలదు గానీ బరువు గేర్‌ని పట్టుకుని మోటర్‌ని వెనక్కి తిప్పడం చాలా కష్టం. కరెంటు పోయిందనుకోండి, మనకి అది కొత్త కాదు కదా, బాస్కెట్ గాల్లో ఎక్కడుందో అక్కడే నిలబడుతుంది. మామూలు పళ్ళ చక్రాలు పెడితే బ్రేకు లేకుండా కరెంటు పోగానే 15 కిలోల గిన్నెలతో దభీమని కూలుతుంది, పక్కనే ఎవరి వేళ్ళైనా ఉంటే అంతే సంగతులు. కానీ నిలబడిపోవడం కూడా ఒక సమస్యే, కరెంటు వచ్చేదాకా బాస్కెట్ లోపలికి పోదు, తలుపు మూయలేం, వంటింట్లో అడ్డంగా ఉంటుంది. అందుకని చేత్తో తిప్పే మర ఒకటి పెట్టండి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తప్పకుండా ఇదే అడుగుతాడు.

ఇక అసలు తలనొప్పి మన గిన్నెలే. డ్రాయర్‌ని ఒక మూల పట్టుకుని లాగి చూడండి, ఇరుక్కుంటుంది. అలాగే బాస్కెట్‌లో కుక్కర్ ఒక పక్క, చెంచాలు ఇంకో పక్క పెడితే బరువు ఒకవైపు పడి కడ్డీలు మెలిపడతాయి. రెండు పక్కల కడ్డీలనీ ఒకే ఇరుసుకి వెల్డింగ్ చెయ్యండి, అప్పుడు రెండూ కలిసే లేస్తాయి. రెండు పక్కలా రెండు మోటర్లు పెడదామని మీలో ఒకడికి తప్పకుండా ఐడియా వస్తుంది, వద్దు, రెండూ ఒకే వేగంతో తిరగవు. పరీక్షించేటప్పుడు గిన్నెలు పెట్టకండి, ఐదేసి కిలోల బియ్యం సంచులు మూడు తెచ్చి రెండు ఒక పక్క, ఒకటి ఇంకో పక్క పెట్టి లేపండి, ఇరుక్కోకుండా వంద సార్లు లేచి దిగితే ప్రాజెక్టు పాసైనట్టే.

పైనా కిందా హద్దు రాగానే మోటర్‌ని ఆపే రెండు లిమిట్ స్విచ్చులు ఉండాలి. బాస్కెట్ పూర్తిగా బయటికి వచ్చిందని చెప్పే స్విచ్చు ఇంకోటి, అది నొక్కుకోకుండా మోటర్ తిరగనే కూడదు, లేకపోతే సగం లాగిన బాస్కెట్ లేచి పై బాస్కెట్‌లో గాజు గ్లాసులని గుద్దుతుంది. చెంచా జాలీలోంచి కిందికి జారి కడ్డీకి అడ్డం పడితే మోటర్ ఆగాలి, దానికి మోటర్ లాగే కరెంటుని కొలవండి, మామూలుగా లాగేదానికి రెట్టింపు లాగితే ఆపి కాస్త వెనక్కి తిప్పాలి. స్టార్టింగ్ కూడా కుదుపు లేకుండా మెల్లగా వేగం పెరిగేలా చెయ్యండి. అన్నట్టు దొరికిన పాత మెషిన్ టబ్బుకి చిల్లులు పెట్టేసి నీళ్ళు పట్టి నడిపేస్తారేమో, చెయ్యకండి, హీటర్‌కి 230 వోల్టులు వస్తాయి. కరెంటు వైరు కోసేసి, ఒట్టి ఫ్రేముగా వాడుకోండి.

ప్రశ్న: మోటర్‌తో బాస్కెట్ లేచే మెషిన్ కొంటే నెలకి కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? ఇప్పటికే ఏసీ బిల్లు కడుతూ చస్తున్నాం.
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: పైన కరీంనగర్ పిల్లలకి చెప్పిన 37 జౌళ్ళే ఇక్కడా లెక్క. మూడో వంతే పనికొచ్చి మిగతాది రాపిడికి పోయిందనుకున్నా, రోజుకి పదిసార్లు లేపినా దించినా ఒక్క యూనిట్ కాలడానికి ఎనిమిదేళ్ళ దాకా పడుతుంది! అదే పది లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి 65కి వేడి చెయ్యడానికి దాదాపు అర యూనిట్ ఒక్క ట్రిప్పులోనే పోతుంది. ఇంకా తమాషా చెప్పనా, ఆ మోటర్‌ని కనిపెట్టుకుని ఉండే బోర్డు అర వాట్ లాగుతూ ఊరికే కూర్చున్నా 83 రోజులకే యూనిట్ తింటుంది, అంటే బాస్కెట్ లేపడం కన్నా "లేపమంటారా" అని ఎదురుచూడటానికే ఎక్కువ ఖర్చు. బిల్లు తగ్గాలంటే మెషిన్ నిండాకే వెయ్యండి, జిడ్డు తక్కువున్న రోజు 50 డిగ్రీల ప్రోగ్రాం పెట్టండి.

ప్రశ్న: డల్లాస్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. గుంటూరు నుంచి అమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉంటుంది. ఎంత చెప్పినా డిష్‌వాషర్ వాడదు, అన్నీ సింక్‌లో తోమి దాంట్లో బోర్లిస్తుంది, గిన్నెల స్టాండ్ అనుకుంటోంది. అడిగితే వంగలేను అంటుంది. లేచే బాస్కెట్ మన మెషిన్‌కి విడిగా బిగించుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, అమెరికా

జవాబు: మీ అమ్మగారు ఒక్కరే కాదండీ, అక్కడున్న తెలుగువాళ్ళ ఇళ్ళల్లో సగం డిష్‌వాషర్ల బతుకు అదే! విడిగా బిగించుకోవడం వద్దు, అది ఓనర్ మెషిన్, పైగా కింది బాస్కెట్ చక్రాలు తలుపు లోపలి గాడిలోనే నడవాలి, మధ్యలో ఏది ఇరికించినా నీటి రెక్కకి అడ్డమే. ముందుముందు సొంత ఇల్లు కొంటే డ్రాయర్ రకం చూడండి, న్యూజిలాండ్ ఫిషర్ అండ్ పేకెల్ వాళ్ళు 1997లో తెచ్చారు, రెండు సొరుగుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, పై సొరుగు నడుం ఎత్తులో ఉంటుంది, అమ్మ ఒక్క పై సొరుగే వాడుకున్నా రోజు గడిచిపోతుంది. ఇప్పటికి మాత్రం ఒక పని చేయండి, అమ్మ తినే కంచం, గ్లాసు, గిన్నెలు, చెంచాలు అన్నీ పై బాస్కెట్‌లో పెట్టమనండి, కిందిది మీ ఆయనకి అప్పజెప్పండి.

అసలు ఈ మెషిన్‌ని జనంలోకి తెచ్చింది మీ దేశంలోనే ఓ ఇల్లాలు, ఇలినాయ్ రాష్ట్రంలో షెల్బీవిల్‌కి చెందిన జోసెఫిన్ కాక్రన్, 1886లో పేటెంటు తీసుకుంది, 1893లో చికాగో ఎక్స్‌పొజిషన్‌లో పెట్టి చూపించింది. తోమే పని అయితే తప్పించింది గానీ సర్దే పనీ తీసే పనీ మనకే మిగిల్చింది మహాతల్లి.

ప్రశ్న: బాస్కెట్ పైకి లేస్తే బరువంతా ముందుకొచ్చి మెషిన్ బోర్లా పడదా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మంచి ప్రశ్న. ఎత్తు పెరిగినంత మాత్రాన ముందుకి గుంజే బలం పెరగదు, ఎంత దూరం ముందుకొచ్చిందో దాన్ని బట్టే ఉంటుంది, కింద ఉన్నా పైన ఉన్నా బాస్కెట్ ఒకే దూరంలో ఉంటే ఒకటే. 50 కిలోల మెషిన్‌ని 15 కిలోల బాస్కెట్ ఒక్కటీ పడెయ్యలేదు. కానీ ఒకసారి పడటం మొదలైతే మాత్రం ఎత్తులో ఉన్న బరువు ఇంకా తొందరపెడుతుంది. నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తా, ఒకళ్ళింటికి వెళ్ళాను, స్టాండ్ మీద పెట్టిన మెషిన్, వెనక ఏ క్లాంపూ లేదు, ఆవిడ రెండు బాస్కెట్లూ బయటికి లాగి గిన్నెలు తీస్తోంది, నాలుగేళ్ళ పిల్లాడొచ్చి తెరిచిన తలుపు చివర ఠక్కున కూర్చున్నాడు, అంతే, మెషిన్ వెనక కాళ్ళు గాల్లోకి లేచాయి. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పైన చెయ్యి వేసి నొక్కి పట్టాను, పిల్లాడికి ఏం కాలేదు, పింగాణీ ప్లేట్లు ఆరు పోయాయి. ఆ తర్వాత నేను చేసిన పని, వెనకాల పై అంచుకి రెండు ఎల్ ఆకారం ముక్కలు బిగించి గోడకి రాల్‌ప్లగ్ వేసి స్క్రూలు కొట్టడం. గ్రానైట్ ప్లాట్‌ఫామ్ కింద దూర్చిన మెషిన్ అయితే ముందువైపు పై అంచున రెండు రేకు ముక్కలు ఇస్తారు, వాటిని గ్రానైట్‌కి బిగించలేం కాబట్టి కార్పెంటర్ తీసి పక్కన పడేస్తాడు, మీ డ్రాయర్‌లో ఏదో కవర్లో ఉండే ఉంటాయి వెతకండి. వాటిని పక్కన ఉన్న ప్లైవుడ్ అలమరకి బిగించచ్చు, పని పది నిమిషాలు.